అప్రస్తుత ప్రసంగికీ ఒక కుర్చీ వెయ్యండి

మొన్న కరెంటు బిల్లు కడదామని ఫోన్ తీశాను. ఇరవై నిమిషాల తర్వాత చూసుకుంటే, ఎవరో ఒకాయన పాడుబావిలోంచి నాగుపామును బయటికి తీస్తున్న వీడియో చూస్తున్నాను, అదీ రెండోసారి. బిల్లు మాత్రం కట్టలేదు. మీకూ ఇలాంటివి జరుగుతూనే ఉంటాయి కాబట్టి ఎక్కువ వివరించను.

నాది చిన్న దుకాణాలకి జీఎస్టీ రిటర్నులు వేసే పని. విజయవాడలో, ఇంట్లోనే, హాలులో కిటికీ పక్కన ఒక టేబులు, అదే ఆఫీసు. నెలలో రిటర్నుల గడువులు, 11వ తేదీ, 20వ తేదీ వచ్చాయంటే ఇంట్లో అందరికీ తెలుస్తుంది. రెండేళ్ల కిందట ఒక 20వ తేదీ సాయంత్రం, ఒక ఎరువుల కొట్టు వాళ్ల ఇన్‌పుట్ క్రెడిట్ (సరుకు కొన్నప్పుడే కట్టేసిన పన్ను, ఇప్పుడు కట్టాల్సిన దాంట్లోంచి తగ్గించుకునేది) 18,450 అని కాగితం మీద రాసుకుని సిస్టమ్‌లో కొట్టబోతుంటే ఫ్యామిలీ గ్రూపులో బామ్మర్ది పెళ్లి ఫొటోలు వరసగా దిగాయి. చూశాను, ఒకదానికి దండం బొమ్మ పెట్టాను, మళ్లీ పనిలోకొచ్చి 81,450 కొట్టి ఫైల్ చేసేశాను. 3బీ, అంటే ఆ నెలవారీ రిటర్ను, ఒకసారి ఫైలయితే సవరించడం కుదరదు. అరవై మూడు వేలు ఎక్కువ వాడుకున్నట్టయింది, వచ్చే నెల రిటర్నులో వెనక్కి కట్టి, పైన 18 శాతం లెక్కన వడ్డీ. వడ్డీ వెయ్యి లోపే, అది నా జేబులోంచి పెట్టుకున్నాను. కొట్టాయన ఒక్క మాట అనలేదు, "పర్లేదులెండి సార్" అన్నాడు. తిట్టినా బాగుండేది.

ఆ తర్వాత ఏకాగ్రత గురించి దొరికినవన్నీ చదివాను. అందరూ చెప్పేది ఒకటే: ఫోన్ పక్క గదిలో పెట్టండి, తలుపేసుకోండి, ఎవర్నీ రానివ్వకండి. మా ఇంట్లో తలుపున్న గది ఒక్కటే, అందులో మా అమ్మ ఉంటుంది, టీవీతో సహా. ఫోన్ పక్క గదిలో పెడితే నా పనే ఆగుతుంది, ఎందుకంటే రిటర్ను ఫైల్ చెయ్యాలంటే ఓటీపీ క్లయింటు నంబరుకి వెళ్తుంది, ఆయన నాకు ఫోన్ చేసి చెప్పాలి. అంటే అడ్డంకులు లేని ప్రపంచం తయారు చేసుకోవడం నాబోటి వాడికి జరిగే పని కాదు.

నాకు పనికొచ్చిన దారి మా వీధిలో ఉండే రిటైర్డ్ తెలుగు మాస్టారి దగ్గర దొరికింది. ఆయన అష్టావధానాల్లో సమస్య ఇచ్చే పృచ్ఛకుడిగా, అంటే ప్రశ్న అడిగేవాడిగా కూర్చుంటారు. ఒకసారి కల్యాణ మండపంలో జరిగిన అవధానానికి నన్నూ లాక్కెళ్లారు.

చూడని వాళ్ల కోసం రెండు ముక్కలు. అవధాని మధ్యలో కూర్చుంటాడు, చేతిలో కాగితం కలం ఉండవు. చుట్టూ ఎనిమిది మంది. ఒకరు సమస్య ఇస్తారు, అంటే అర్థం తలకిందులుగా ఉన్న పాదం ఒకటి ఇచ్చి పద్యం పూరించమంటారు. ఒకరు దత్తపది, నాలుగు సంబంధం లేని మాటలిచ్చి అవి వచ్చేలా పద్యం చెప్పమంటారు. ఒకరు నిషిద్ధాక్షరి: అవధాని 'శ్రీ' అన్నాడంటే తర్వాత 'రామ' అంటాడేమోనని "ర వద్దు" అంటాడు, ఇలా అక్షరం అక్షరానికీ. ఒకరు వాక్యంలోని అక్షరాల్ని వరస తప్పించి ఒక్కొక్కటే అందిస్తారు. ఒకరు మధ్య మధ్యలో గంట కొడుతుంటారు, చివర్లో మొత్తం ఎన్ని గంటలో చెప్పాలి. అంశాలు సభను బట్టి మారుతుంటాయి కానీ అన్నిటికన్నా నాకు నచ్చింది అప్రస్తుత ప్రసంగి. ఆయన ఉద్యోగమే చెడగొట్టడం. అవధాని ఇక్కడ పద్యం తాలూకు మూడో పాదం వెతుక్కుంటూ ఉంటే అక్కడ "అవధాని గారూ, ఇవాళ మీ ఇంట్లో ఏం కూరండీ?" అంటాడు. అవధాని నవ్వి, చమత్కారంగా ఒక జవాబు పారేసి, వదిలిన చోటుకే వెళ్లిపోవాలి. ధ్యాస చెడగొట్టేవాడికి వేదిక మీద కుర్చీ వేసి, కార్యక్రమం అయ్యాక శాలువా కూడా కప్పే కళ మనది. తిరుపతి వేంకట కవులనే జంట కవులు ఊరూరా తిరిగి దీన్ని జనంలోకి తీసుకెళ్లారు. ఎనిమిది మంది చాలక శతావధానాలు కూడా చేశారు. వంద మంది పృచ్ఛకులన్న మాట.

బయటికొచ్చాక అడిగాను, మాస్టారూ, బుర్రలో ఎనిమిదీ ఒకేసారి ఎలా పెట్టుకుంటాడండీ అని. ఆయన చెప్పులు వెతుక్కుంటూ అన్నారు: "ఒకేసారి పెట్టుకోడు బాబూ. ఒకటి ఎత్తుతాడు, పాదం పూర్తి చేస్తాడు, దింపుతాడు, పక్కవాడి దగ్గరికెళ్తాడు. నాలుగు ఆవృత్తుల్లో నాలుగు పాదాలు. చివర్లో ధారణ. మీరంతా పాదం మధ్యలో దింపేస్తారు, అక్కడొచ్చింది తంటా."

నేనిప్పుడు చేసేదంతా ఆ ఒక్క మాటని నా టేబులు మీదకి దింపుకోవడమే. మీరూ చెయ్యొచ్చు, జీఎస్టీ రాకపోయినా పర్లేదు.

ముందు పృచ్ఛకుల్ని లెక్కపెట్టండి

పొద్దున పనికి కూర్చునే ముందు ఈ రోజు నన్ను అడిగేవాళ్లెవరు అని ఒక కాగితం మీద రాయండి. యాప్‌లో కాదు, కాగితం మీద, ఎందుకంటే యాప్ తెరవాలంటే ఫోన్ తియ్యాలి, ఫోన్ తీస్తే పాము వీడియో. అవధాని కూడా ఎనిమిది మంది అనుకుని కూర్చున్నాక తొమ్మిదో వాడిని ఎక్కించుకోడు. నా వరకు ఐదు దాటితే ఆ రోజు పని చెడుతుంది. ఐదులో ఇంటి పని కూడా ఒకటి లెక్కలోకి వస్తుంది, అమ్మ మందులు తేవడం పని కాదన్నట్టు వదిలేస్తే అది మధ్యాహ్నం వచ్చి మీద పడుతుంది.

పాదం పూర్తయ్యాకే లేవండి, లేచేటప్పుడు గుర్తు పెట్టి లేవండి

దీని గురించి కాస్త ఎక్కువ చెబుతాను, నాకు బాగా కలిసొచ్చింది ఇదే.

పాదం అంటే ఏంటో మీ పనిని బట్టి మీరే తేల్చుకోవాలి. నాకైతే ఒక షాపు తాలూకు కొనుగోలు బిల్లులు ఒక కట్ట. చదువుకునే పిల్లలకి ఒక లెక్క, అధ్యాయం కాదు. వంటింట్లో అయితే పోపు: పోపు వేగుతుండగా ఎవరు పిలిచినా "ఉండు, వస్తున్నా" అంటాం కదా, ఎవరూ ఏమీ అనుకోరు. ఆఫీసు పనికి మాత్రం ఆ "ఉండు" అనడం మానేశాం. పది నిమిషాల్లో పూర్తి చేసి దించగలిగేంత ముక్క అయితే చాలు.

అయినా మధ్యలో లేవాల్సి వస్తుంది. కాలింగ్ బెల్లు మోగుతుంది, గ్యాస్ బండ వస్తుంది. అప్పుడు లేచేముందు ఒక చీటీ రాయండి, ఎక్కడ ఆపాను, తిరిగొచ్చాక ముందు ఏం చెయ్యాలి. నా చీటీ ఒకటి ఇక్కడే ఉంది, అలాగే దింపుతున్నా: "ఐరన్ షాపు, జులై. 34 బిల్లుల దాకా అయ్యాయి. 35 రాజమండ్రి బిల్లు, హెచ్ఎస్ఎన్ కోడ్ తేడాగా ఉంది, ముందు అది చూడు." (హెచ్ఎస్ఎన్ అంటే సరుకు ఏ రకమో చెప్పే నంబరు.) రాయడానికి పదిహేను సెకన్లు. ఈ చీటీ లేని రోజుల్లో తిరిగొచ్చి, ఎక్కడున్నానబ్బా అని స్క్రీన్‌ని కిందికీ పైకీ తోసుకుంటూ, ఆ విసుగులో మళ్లీ ఫోన్ తీసేవాణ్ని. అసలు చిక్కంతా తిరిగొచ్చాకే.

దీనికి పరిశోధన కూడా ఉంది. సోఫీ లెరాయ్ అనే ఆవిడ 2009లో చెప్పింది, ఒక పని అర్ధంతరంగా వదిలి ఇంకోదానికి వెళ్తే మొదటిదాని మడ్డి మనసులో అడుగున మిగిలిపోతుంది, రెండో పని ఆ మడ్డి నీళ్లలోనే చేస్తాం అని (మడ్డి నా మాట, ఆవిడ అన్నది 'ఎటెన్షన్ రెసిడ్యూ'). 2018లో ఆవిడే ఇంకొకరితో కలిసి, వెళ్లేముందు ఎక్కడ ఆపామో, తిరిగొచ్చి ఏం చెయ్యాలో రాసుకుంటే ఆ మడ్డి తగ్గుతుందని చూపించింది. నేను ముందు చీటీలు మొదలెట్టి తర్వాత ఇది చదివాను, కాబట్టి కొంచెం గర్వపడ్డాను.

అడ్డం వచ్చేవాడికి కుర్చీ

టేబులు మీద ఎడమ చేతి వైపు ఇంకో కాగితం పెట్టండి. పైన 'అప్రస్తుతం' అని రాయండి. పని చేస్తుండగా మనసులోకి ఏదొచ్చినా అందులో ఒక ముక్క గీకి వదిలెయ్యండి. దాని సంగతి ఎప్పుడు చూస్తారో కూడా ముందే ఖాయం చెయ్యండి, నాకు సాయంత్రం నాలుగు, టీ టైమ్. ఇది ముఖ్యం. టైమ్ చెప్పకపోతే మనసు నమ్మదు, మళ్లీ మళ్లీ వచ్చి అడుగుతుంది, అప్పిచ్చినవాడు వీధి తలుపు కొట్టినట్టు.

నిన్నటి కాగితం: పాలాయనకి డబ్బులు. ఏసీ సర్వీసింగ్. ఆ పాత సినిమాలో డాక్టరుగా వేసినాయన పేరేంటి. పెద్దమ్మకి ఫోన్. బంగారం రేటు. కాకరకాయ వేపుడులో బెల్లం వెయ్యాలా వద్దా. నాలుగింటికి చూస్తే పాలాయన, పెద్దమ్మ, ఏసీ తప్ప మిగతావి ఎందుకు రాశానో కూడా గుర్తు లేదు. బంగారం మనం కొనేది లేదు, చచ్చేది లేదు. వాటిల్లో ఒక్కోదాని కోసం అప్పటికప్పుడు ఫోన్ తీసుంటే సాయంత్రమైపోయేది.

మనుషులకీ ఇదే. మా ఆవిడ మధ్యలో ఏదైనా అడిగితే ఇదివరకు కసురుకునేవాణ్ని, లేదంటే స్క్రీన్ మీంచి కళ్లు తియ్యకుండా "ఆఁ" అనేవాణ్ని, రెండూ తప్పే. అవధాని అప్రస్తుత ప్రసంగిని కసరడు. తల తిప్పి, మొహం చూసి, ఒక్క జవాబు ఇచ్చి, మళ్లీ పద్యంలోకి వెళ్తాడు. పదిహేను సెకన్లు పూర్తిగా ఇస్తే అవతలివాళ్లు వెళ్లిపోతారు, సగం సగం ఇస్తే అరగంట అక్కడే నిలబడతారు. ప్రయత్నించి చూడండి.

గంట మోగితే లెక్కపెట్టండి, లేవకండి

గంట కొట్టేవాడితో అవధాని మాట్లాడడు. లెక్క మాత్రం పెట్టుకుంటాడు. ఒక పూట మీరూ అలా చెయ్యండి: ఫోన్ బోర్లా పెట్టి, మోగినప్పుడల్లా కాగితం మీద ఒక గీత. చూడొద్దు, గీత మాత్రమే. చేతులు దురద పెడతాయి, ఊరుకోండి. నాకు మొదటి రోజు తొమ్మిది నుంచి ఒంటిగంట లోపల 41 గీతలు పడ్డాయి. తర్వాత తీసి చూస్తే నేను జవాబివ్వాల్సినవి మూడు. మిగతావి గుడ్ మార్నింగ్ గులాబీలు, లోన్ కావాలా అనేవాళ్లు, అపార్ట్‌మెంట్ గ్రూపులో మోటారు ఎవరు ఆపలేదన్న తగాదా.

ఆ 41 చూశాక సెట్టింగులు మార్చడం సులువైంది. అంతకుముందు ఎవరు చెప్పినా చెయ్యలేదు, లెక్క కళ్లముందు పడితే వేరు. వాట్సాప్‌లో గ్రూపు తెరిచి మ్యూట్ నొక్కితే 8 గంటలు, ఒక వారం, ఎల్లప్పుడూ అని మూడు అడుగుతుంది, మొహమాటపడకుండా ఎల్లప్పుడూ కొట్టండి, వాళ్లకేమీ తెలియదు. అమ్మకాల యాప్‌లన్నిటికీ నోటిఫికేషన్ పూర్తిగా తీసెయ్యండి. "మరి ఇంట్లో ఎవరికైనా బాగోకపోతే?" అని మీరు అడుగుతారు, నేనూ అదే అడిగాను. ఆండ్రాయిడ్‌లో డూ నాట్ డిస్టర్బ్ పెట్టినా, స్టార్ పెట్టిన నంబర్లు మోగేలా చేసుకోవచ్చు. అదే నంబరు నుంచి పావుగంట లోపల రెండోసారి కాల్ వస్తే మోగే ఏర్పాటు కూడా ఉంది. ఇంట్లోవాళ్లకి చెప్పి ఉంచండి, అర్జెంటైతే రెండుసార్లు చెయ్యమని.

ఓటీపీ గొడవకి ఒక పాత కీప్యాడ్ ఫోన్ తీశాను. క్లయింట్లందరికీ ఆ నంబరే ఇచ్చాను, ఫైలింగులన్నీ సాయంత్రం ఐదు తర్వాత వరసపెట్టి చేస్తున్నాను, అప్పుడు వాళ్లూ కొట్లోనే ఉంటారు. పగలంతా అంకెల పని, సాయంత్రం ఓటీపీల పని. మీ పనిలో కూడా ఫోన్ తప్పనిసరైన ముక్క ఏదో చూసి, దాన్నంతా ఒక మూలకి నెట్టెయ్యగలరేమో ఆలోచించండి.

ఇరవై ఐదు నిమిషాల టైమర్ పద్ధతి గురించి చాలామంది చెబుతారు. కదలని బండిని కదిలించడానికి అది మంచిదే. కానీ నాకు సరిగ్గా 31వ బిల్లు దగ్గర టైమర్ మోగుతుంది, మోగేది ఇంకోటి తెచ్చిపెట్టుకున్నట్టు. పనిని బట్టి ఆగడమే నాకు నయం.

సాయంత్రం ధారణ

అవధానంలో అందరూ ఊపిరి బిగబట్టేది ధారణ దగ్గరే. రెండు మూడు గంటలు చెప్పిన పద్యాలన్నీ అవధాని ఒక్కటొక్కటిగా, తడుముకోకుండా అప్పజెబుతాడు. మనకి పద్యాలు అక్కర్లేదు. ఆరింటికి కుర్చీలోంచి లేచే ముందు కళ్లు మూసుకుని, కాగితం చూడకుండా, ఈ రోజు ఏమేం చేశానో వరసగా చెప్పుకోండి, పైకే. మొదటి వారం నాకు మధ్యాహ్నం పన్నెండు నుంచి రెండు దాకా ఏం చేశానో అస్సలు గుర్తు రాలేదు. భోంచేసి ఉంటాను, ఏం కూరో తెలియదు. గుర్తు రాని ఆ ఖాళీలే మనం అక్కడ లేని గంటలు. వారంలో ఏ ఖాళీ పదే పదే ఏ టైముకి వస్తోందో చూస్తే ఎక్కడ కాపు కాయాలో తెలుస్తుంది. నాకు భోజనం అయ్యాక. ఇప్పుడు ఆ టైములో ఫోన్ తియ్యకుండా గిన్నెలు తోముతున్నాను, మా ఆవిడ ఈ పద్ధతి మొత్తంలో ఇదొక్కటే మెచ్చుకుంది.

అన్ని రోజులూ కుదరదు. గ్లోరియా మార్క్ అనే పరిశోధకురాలు ఏళ్ల తరబడి లెక్క కట్టింది, 2004లో మనుషులు ఒక స్క్రీన్ మీద సగటున 150 సెకన్లు నిలిచేవాళ్లట, ఈ మధ్య 47 సెకన్లు. నేనూ ఆ సగటులోనే ఉన్నాను, 20వ తేదీ దగ్గరపడితే అంతకన్నా కిందే. చీటీ రాయడం మర్చిపోతాను, నాలుగింటి దాకా ఆగను. మర్నాడు మళ్లీ కాగితం తీస్తాను.

ఊఁ కొట్టడం

పని సంగతి ఇలా కాస్త దారిలో పడింది కానీ ఇంట్లో పట్టుబడ్డాను. మా పాప మూడో తరగతి. రోజూ రాత్రి స్కూలు కబుర్లు చెబుతుంది, నేను ఊఁ కొడుతూ పక్కనుంచి ఫోన్ చూస్తూ ఉండేవాణ్ని. ఒక రోజు చెబుతూ చెబుతూ, "తర్వాత మా క్లాసులోకి ఏనుగొచ్చింది నాన్నా" అంది. ఊఁ అన్నాను. "అది మా మిస్ టిఫిన్ బాక్స్ తినేసింది." ఊఁ. "నాన్నా, నువ్వు ఊఁ మాత్రమే కొడుతున్నావు."

ఊఁ కొట్టడం మన దగ్గర కథ వినేవాడి బాధ్యత, అది ఆగితే కథ చెప్పేవాళ్లు ఆపేస్తారు. దాన్ని కూడా నేను దొంగ హాజరు వేసినట్టు వేస్తున్నాను. అందుకని ఇప్పుడు పాప కబుర్లకీ ధారణ పెట్టాం: అది చెప్పడం అయ్యాక నేను తిరిగి అప్పజెప్పాలి, పేర్లతో సహా. ఎవరు ఎవరి పెన్సిలు విరగ్గొట్టారు, ఎవరు ఏడ్చారు, ఏ పీరియడ్‌లో. తప్పితే మళ్లీ మొదట్నుంచీ వినాలి. మధ్య మధ్యలో ఇప్పటికీ ఏనుగుల్ని వదులుతుంది, పట్టుకున్నానో లేదో చూడ్డానికి.

భోజనాల దగ్గర ఇంకోటి. నిషిద్ధాక్షరి. 'ఫ' నిషేధం. కంచాల ముందు కూర్చున్నాక ఎవరి నోట ఫకారం వచ్చినా వాళ్లదే కంచాలు తీసే పని. ఫోన్, ఫొటో, ఫేస్‌బుక్ అన్నీ ఒక్క దెబ్బకి పోయాయి, ఆ మాట అనకూడదంటే దాన్ని తియ్యడానికీ ఎవరికీ చెయ్యి రావట్లేదు. నిన్న రాత్రి మా ఆవిడ "ఫ్రిజ్‌లో పెరుగుంది, తెచ్చుకోండి" అంది. పాప ఎగిరి గంతేసింది. మా ఆవిడేమో అది 'ఫ్రి', 'ఫ' కాదు, చెల్లదు అంటుంది. అమ్మ కోడలి వైపు. సంయుక్తాక్షరంలో ఉన్న ఫకారం లెక్కలోకి వస్తుందా రాదా అన్నది తేలలేదు, కంచాలు అలాగే ఉన్నాయి, పొద్దున మాస్టారిని అడగాలి.